పీడీఎఫ్ పడేస్తే పాఠం చెప్పినట్టేనా?

పోయిన నెల ఇదే పేజీలో, కాలేజీ చదువు ఫోన్‌లోకి వచ్చాక మీకు ఎక్కడ అడ్డం తగుల్తోంది రాయండి అని అడిగాం కదా. రాశారు. పిల్లలే కాదు, లెక్చరర్లు, ఒక తండ్రి, ఒక రిటైరవబోతున్న ప్రొఫెసర్ గారు కూడా రాశారు. ఆయనైతే కొంచెం కోపంగానే రాశారు, ఆ ఉత్తరం కూడా వేస్తున్నా. పేర్లు వద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తున్నాను. ఈ ఏడాది ఫస్టియర్‌లో చూపు లేని అబ్బాయి చేరాడు. క్లాసులో చెప్పింది ఇట్టే పట్టేస్తాడు. కానీ నేను గ్రూపులో పెట్టే నోట్స్ వాడి ఫోన్ చదవట్లేదంట. కొన్ని ఫైళ్ళకి అసలు సౌండే రాదు, కొన్నిటికి ఏవో ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిపి పిచ్చిగా వాగుతోందంట. నాకు స్క్రీన్ మీద చూస్తే తెలుగు ముత్యాల్లా కనిపిస్తోంది. తప్పెక్కడ?

జవాబు: మాస్టారూ, తప్పు ఫైల్లోనే ఉంది, ఫోన్‌ది కాదు, అబ్బాయిది అసలే కాదు. ఒక చిన్న పరీక్ష చెప్తా చెయ్యండి. ఆ పీడీఎఫ్ తెరిచి ఒక లైన్ మీద వేలు నొక్కిపెట్టి కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పేస్ట్ చేసుకోండి. లైను అసలు సెలెక్టే కాలేదనుకోండి, అది నోట్స్ కాదు, నోట్స్‌కి తీసిన ఫొటో. జెరాక్స్ షాపులో స్కాన్ చేయించినవన్నీ ఇంతే, ఫోన్‌కి అక్కడ అక్షరాలే లేవు, చదవడానికి ఏముంటుంది. సెలెక్ట్ అయింది గానీ పేస్ట్ చేస్తే ఇంగ్లీషు అక్షరాలూ డాలర్ గుర్తులూ పడ్డాయనుకోండి, అది అను ఫాంట్స్ లాంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది. ఆ ఫాంట్లు కంప్యూటర్‌కి తెలుగు రాని రోజుల్లో మన ప్రెస్సులన్నిటికీ అన్నం పెట్టాయి, నేనేం తిట్టను, కానీ లోపల ఇంగ్లీషు కోడ్లు పెట్టుకుని పైకి తెలుగు బొమ్మ చూపించడమే వాటి పద్ధతి. కళ్ళున్న మనకి బొమ్మ కనపడుద్ది, అబ్బాయి ఫోన్‌కి ఆ కోడ్ వినపడుద్ది, అందుకే ఆ వాగుడు.

మందు ఉంది. ఇకమీదట టైప్ చేసేదంతా యూనికోడ్‌లో చెయ్యండి, అంటే ఫోన్‌లో జీబోర్డ్‌తో కొట్టే తెలుగే, అంతకుమించి ఏం కాదు, చెయ్యి నొప్పెడితే నోటితో చెప్పినా అదే టైప్ చేసుకుంటుంది. పాత డీటీపీ ఫైళ్ళని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. స్కాన్ చేసినవాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోంచి అక్షరాలు లాగుతుంది, తెలుగు కూడా వస్తుంది, కాకపోతే ఒత్తుల దగ్గర తడబడుద్ది కాబట్టి ఒకసారి మీరు చదివి దిద్దాకే పంపండి. ఇంకో మాట, యూనికోడ్‌లో కొట్టినా పీడీఎఫ్ చేసేసరికి ఒక్కోసారి గుణింతాలు చెదిరిపోతాయి. అందుకే వాడికి వర్డ్ ఫైలే పంపండి. పీడీఎఫ్ అయితేనే హుందాగా ఉంటుందని మనకో భ్రమ.

మీది ఎకనామిక్స్ కదా, గ్రాఫుల సంగతి ఎక్కువమంది మర్చిపోతారు. డిమాండ్ కర్వ్ బొమ్మ పెట్టి ‘పై పటం చూడుము’ అని రాస్తే వాడేం చూస్తాడు? బొమ్మ కింద ఒక్క వాక్యం: ‘నిలువు గీత మీద ధర, అడ్డగీత మీద డిమాండ్ పరిమాణం, ఎడమ పైనుంచి కుడి కిందికి జారే గీత, అంటే ధర తగ్గేకొద్దీ డిమాండ్ పెరుగుతోంది.’ ఇది రాశాక చూడండి, కళ్ళున్న పిల్లల్లో కూడా సగంమందికి ఆ గ్రాఫ్ అప్పుడే అర్థమవుద్ది. నేను కామర్స్ చెప్పినన్నాళ్ళూ బ్యాలెన్స్ షీట్‌ని ఫొటో తీసి పంపేదాన్ని, టేబుల్‌గా టైప్ చెయ్యడానికి బద్ధకం. ఆ బద్ధకం ఖరీదు ఎవరు కట్టారో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది.

టెక్స్ట్‌బుక్ స్కాన్ చేసి అక్షరాల్లోకి మారిస్తే కాపీరైట్ గొడవ అవుతుందేమో అని ఇంకో లెక్చరర్ కూడా అడిగారు, ఇద్దరికీ కలిపి చెప్తున్నా. కాదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించినప్పుడు, వైకల్యం ఉన్నవాళ్ళు చదువుకోడానికి వీలైన రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చని, లాభానికి అమ్ముకోనంతవరకు అది నేరం కాదని స్పష్టంగా పెట్టారు. చూపులేనివాళ్ళకి పుస్తకాలు అందేలా దేశాలు చేసుకున్న మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. సుగమ్య పుస్తకాలయ అని 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళ కోసమే, అబ్బాయిని అందులో మెంబర్‌గా చేర్పించండి. కాలేజీ ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్‌లోనైనా ఎన్‌వీడీఏ వేయించండి, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది, పైసా ఖర్చు లేదు, తెలుగు కూడా చదువుతుంది.

ఇవన్నీ చేసేముందు, అసలు ముందు చెయ్యాల్సింది, వాణ్ణి కూచోబెట్టి ‘నువ్వు ఇంటర్ ఎలా చదివావురా, నీకు ఏది వీలు’ అని అడగండి. వాడు నాలుగైదేళ్ళుగా ఆ ఫోన్‌తో కుస్తీ పడుతున్నాడు, మనకంటే వాడికే ఎక్కువ తెలుసు. ఒక్కొక్కళ్ళకి ఆడియో నచ్చుద్ది, ఒక్కొక్కళ్ళకి బ్రెయిలీ లేకపోతే లెక్కలు ఎక్కవు. మనం ఊహించుకుని చేసే సాయంలో సగం వృథా.

ప్రశ్న: అక్కా, నేను బీటెక్ సెకండియర్. మాకు వారానికి రెండు క్లాసులు ఆన్‌లైన్, కెమెరా ఆన్‌లో లేకపోతే అటెండెన్స్ లేదు అంటున్నారు. మాది ఒకటే గది ఇల్లు, అక్కడే వంట, అక్కడే నాన్న పడుకునేది. నేను మేడ మెట్ల మీద కూచుని వింటా. మొన్న కెమెరా ఆన్ చేస్తే వెనకాల ఎవరో వెళ్తున్నారని గ్రూప్‌లో స్క్రీన్‌షాట్ తీసి స్టిక్కర్ చేశారు. అప్పట్నుంచి క్లాసంటేనే భయంగా ఉంది. సార్‌కి చెప్పాలంటే మొహమాటం.

జవాబు: తల్లీ, ముందు ఆ స్టిక్కర్ సంగతి. అది జోక్ కాదు. స్క్రీన్‌షాట్ దాచుకో, తేదీ రాసిపెట్టుకో, మీ కాలేజీలో అమ్మాయిల ఫిర్యాదులు చూసే కమిటీ ఉంటుంది, ఉండి తీరాలి, వాళ్ళకి రాసి ఇవ్వు. నీ పేరు అందరికీ తెలుస్తుందని భయమైతే నమ్మకమున్న మేడమ్ ఒకరికి ముందు చెప్పి ఆవిణ్ణి తోడు తీసుకెళ్ళు.

ఇక కెమెరా. మీ సార్ చెడ్డవాడై ఉండకపోవచ్చు. యాభై నల్లడబ్బాలకి పాఠం చెప్పడం ఎంత నరకమో నాకు తెలుసు, కరోనా టైంలో నేనూ చెప్పా. నేనూ అదే తప్పు చేశా, అందుకే ఈ జవాబు కొంచెం పొడుగవుద్ది, ఏమనుకోకు. ఒక అబ్బాయి ఎప్పుడూ కెమెరా పెట్టేవాడు కాదు, ఒకరోజు నాకు ఒళ్ళుమండి ‘ఆన్ చేస్తావా లేక పేరు కొట్టెయ్యమంటావా’ అన్నా, ఆన్ చేశాడు, చూస్తే వెనకాల ఎర్రగా మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, కొండల్లా, చెవిలో ఇయర్‌ఫోన్, నెత్తిన తుండు. గుంటూరు మిర్చియార్డులో కూలికి పోతూ పాఠం వింటున్నాడు. క్లాసులో ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ అబ్బాయి మర్నాటి నుంచి రాలేదు. క్లాసులో అందరికంటే శ్రద్ధగా విన్నవాణ్ణి నేనే వెళ్ళగొట్టా. తర్వాత ఫోన్ చేసి సారీ చెప్పి వాళ్ళన్నయ్యతో మాట్లాడి మళ్ళీ తెచ్చుకున్నాననుకో, ఆ మూడు వారాల పాఠాలు మాత్రం పోయాయి.

అప్పట్నుంచి పద్ధతి మార్చా. పదిహేను నిమిషాలకోసారి చాట్‌లో ఒక్క మాటలో జవాబు చెప్పే ప్రశ్న ఒకటి, క్లాసు చివర ‘ఈరోజు అర్థంకానిది ఒకటి రాయండి’ అని ఒకటి. హాజరు దాంతోనే తెలిసిపోతుంది. పైగా ముఖం చూపించినవాడు వింటున్నాడని గ్యారంటీ ఏంటి, మేం స్టూడెంట్లుగా ఉన్నప్పుడు కళ్ళు తెరిచి నిద్రపోయే విద్య అందరికీ వచ్చు. మీ సార్‌కి మొహమాటంగా ఉంటే ఇలా మెసేజ్ పెట్టు, కాపీ చేసుకో: ‘సార్, మా ఇంట్లో కెమెరా పెట్టే వీలు లేదు. క్లాసు పూర్తిగా వింటున్నాను. చాట్‌లో గానీ, క్లాసయ్యాక చిన్న క్విజ్‌లో గానీ హాజరు తీసుకోగలరా?’ కారణం వివరంగా చెప్పాల్సిన పని లేదు. మీ నాన్న ఎక్కడ పడుకుంటాడో కాలేజీకి అనవసరం.

ప్రశ్న: హాస్టల్లో సాయంత్రం ఫోన్లు తీసేసుకుంటారు మేడమ్, అసైన్‌మెంట్ డెడ్‌లైనేమో రాత్రి 11:59. చెప్తే ‘ముందే చేసుకోవాలమ్మా’ అంటారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా క్లాసులే.

జవాబు: కేరళలో ఒక డిగ్రీ విద్యార్థిని ఇలాంటి రూలు మీదే హైకోర్టుకి వెళ్ళింది. లేడీస్ హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్ ఇచ్చెయ్యాలన్నారు, ఇవ్వనందుకు హాస్టల్ నుంచి పంపేశారు. 2019 సెప్టెంబరులో కోర్టు, ఇంటర్నెట్ వాడుకునే హక్కు చదువుకునే హక్కులోనూ ప్రైవసీ హక్కులోనూ భాగమేనని చెప్పి అమ్మాయిని మళ్ళీ చేర్చుకోమంది. మీరు కోర్టుదాకా పోనక్కర్లేదు, ఆ సంగతి మర్యాదగా గుర్తుచేస్తూ పదిమంది సంతకాలతో వార్డెన్‌కీ ప్రిన్సిపాల్‌కీ ఒకే లెటర్ ఇవ్వండి. వాళ్ళిద్దరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోకపోవడమే మీ సమస్య అని నా అనుమానం.

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టుకనుంచి వినపడదు అండి. డిగ్రీలో చేరింది. కాలేజీవాళ్ళు వీడియో పాఠాలు యూట్యూబ్‌లో పెడుతున్నారు, క్యాప్షన్లు ఉన్నాయి కదా అంటున్నారు. అవి చదివితే మాకే అర్థం కావట్లేదు, దానికేం అర్థమవుద్ది. నేను ఆటో నడుపుతానండి, నాకు ఎవర్ని అడగాలో కూడా తెలీదు.

జవాబు: అన్నా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మిషన్ పెట్టే క్యాప్షన్లు ఒక భాషలో నిదానంగా మాట్లాడితే పర్లేదు గానీ మన లెక్చరర్లు మాట్లాడేది ఏ భాష? ‘ఇప్పుడు మనం డెప్రిసియేషన్‌ని డెబిట్ చేస్తే ఏమవుద్దంటే’, ఇందులో తెలుగెంత, ఇంగ్లీషెంత. మిషన్ ఏదో ఒక భాష అనుకుని రెండోదాన్ని ముక్కలు చేస్తుంది. తప్పుల క్యాప్షన్ ఉండటం కంటే లేకపోవడమే నయం, ఎందుకంటే ఉందిగా అని కాలేజీ చేతులు దులుపుకుంటుంది.

ఇంకో విషయం మీకు తెలిసే ఉంటుంది, కాలేజీవాళ్ళకి తెలీదు. పుట్టుకతో వినపడని పిల్లల్లో చాలామందికి సైగల భాషే మొదటి భాష, తెలుగైనా ఇంగ్లీషైనా రెండో భాషే. కాబట్టి గుక్కతిప్పుకోకుండా పరిగెత్తే క్యాప్షన్లు సరిగ్గా ఉన్నా చాలవు. అమ్మాయికి కావల్సింది పాఠానికి ఒకరోజు ముందు ఆ పాఠంలో వచ్చే కొత్త మాటల లిస్టు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ, తర్వాత ఎవరైనా దిద్దిన క్యాప్షన్లు. దిద్దడం పెద్ద పని కాదు, యూట్యూబ్‌లో ఆ చానెల్ ఉన్నవాళ్ళే ఎడిట్ చేసుకోవచ్చు, పది నిమిషాల వీడియోకి ఓ అరగంటో గంటో పడుద్ది. క్లాసులో ఇద్దరు పిల్లలకి వారానికి ఒక వీడియో చొప్పున అప్పగించి దానికి ఇంటర్నల్ మార్కులు వేస్తే వాళ్ళకి పాఠం రెండుసార్లు విన్నట్టు కూడా అవుద్ది. పాఠం చెప్పేవాళ్ళు ముఖం మీద వెలుగు పడేలా కూచోవాలి, బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు, పెదాలు చదివే పిల్లలకి అదే ఆధారం.

ఎవర్ని అడగాలి అన్నారు. ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెప్తే గాల్లో పోతుంది. అందులో దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 42 అని రాయండి. ఆడియో, అచ్చు, ఎలక్ట్రానిక్ ఏ రూపంలో ఉన్నా సమాచారం అందరికీ అందేలా చూడాలని, వీడియోలకి సైగల భాష, క్యాప్షన్లు ఉండేలా చూడాలని ఆ సెక్షన్ చెప్తుంది. యూనివర్సిటీలని చూసే యూజీసీ కూడా 2022లో కాలేజీలకి దీనిమీద గైడ్‌లైన్స్ ఇచ్చింది, అదీ ఒక లైను కలపండి. రసీదు తీసుకోండి అన్నా, అది మాత్రం మర్చిపోవద్దు. మీ ఆటోలో రోజూ కాలేజీకి దింపుతున్నారంటే మీరు చేయాల్సింది మీరు చేస్తూనే ఉన్నారు.

ప్రశ్న: మీ కాలమ్ చదువుతుంటాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు నాది. ఒక మాట అడుగుతాను, నొచ్చుకోవద్దు. కెమెరా వద్దు, డెడ్‌లైన్ సడలించు, ఎక్స్‌ట్రా టైం ఇవ్వు, పాఠం నాలుగు రూపాల్లో పెట్టు. ఇలా పోతే డిగ్రీకి విలువేముంటుంది? కష్టపడ్డవాడికీ పడనివాడికీ తేడా ఏది? మేం లాంతరు వెలుగులో చదవలేదా?

జవాబు: సార్, నొచ్చుకోలేదు, ఈ ప్రశ్న అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు ధైర్యంగా రాశారు.

మీరు కచ్చితంగా గౌరవించే చోటు నుంచే చెప్తా. ఎన్‌పీటెల్. 2003లో ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాలు అవి, అక్కడ స్టాండర్డ్ తక్కువని ఎవరూ అనరు. 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లు ఇస్తారు, లెక్కలోకి తీసుకునేది బాగా చేసిన 8 మాత్రమే. అంటే నాలుగు వారాలు పిల్లాడికి జ్వరమొచ్చినా, అక్క పెళ్ళి పడినా, తుఫానుకి ఊళ్ళో కరెంటు పోయినా ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు, మెడికల్ సర్టిఫికెట్ కొనుక్కురానక్కర్లేదు. అసైన్‌మెంట్లకి 25, సెంటర్‌కి వెళ్ళి రాసే పరీక్షకి 75, రెండిట్లోనూ విడివిడిగా పాసవ్వాలి. పట్టు ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది, వెసులుబాటు ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది. నాకు అన్నిటికంటే నచ్చేదేంటంటే ఆ వెసులుబాటు అడగాల్సిన పని లేకుండా రూల్లోనే ఉంది. అడిగితే ఇస్తాం అన్నచోట ఎవరికి దొరుకుద్ది సార్? నోరున్నవాడికి, మీ రూమ్‌కి వచ్చి నిలబడే చొరవున్నవాడికి. గిరిజన తండా నుంచి మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్ల అడగదు, సున్నా వేయించుకుంటుంది.

ఎక్స్‌ట్రా టైం దయ అనుకుంటారు. పరీక్ష రాసే దివ్యాంగులకి గంటకి కనీసం 20 నిమిషాలు అదనం ఇవ్వాలని 2013లోనే కేంద్రం గైడ్‌లైన్స్ ఇచ్చింది. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడానికి చెయ్యి సహకరించని సివిల్స్ అభ్యర్థికి స్క్రైబ్‌ని, అంటే చెప్తుంటే రాసిపెట్టే మనిషిని, ఇచ్చి తీరాలంది. చేతిరాత వేగాన్ని కొలవడమే పరీక్ష ఉద్దేశమైతే సరే. జాగ్రఫీ వచ్చో రాదో తెలుసుకోవడమైతే చెయ్యి వేగంతో మనకేం పని.

నాలుగు రూపాలు అన్నారు చూడండి, అందులో మీతో సగం ఒప్పుకుంటా. పాఠం మొదట్నుంచే అందరికీ అందేలా తయారుచెయ్యాలనే ఈ యూనివర్సల్ డిజైన్ మాట పట్టుకుని ప్రతి పాఠాన్నీ వీడియో, పాడ్‌కాస్ట్, గేమ్ చెయ్యమని వర్క్‌షాపుల్లో లెక్చరర్ల ప్రాణాలు తోడేసేవాళ్ళు నాకూ తెలుసు. వారానికి పద్దెనిమిది గంటలు క్లాసులు చెప్పి, కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ వాళ్ళ ఫైళ్ళు నింపి, ఎలక్షన్ డ్యూటీ చేసేవాడు గేములెప్పుడు చేస్తాడు. నాకు తెలిసి మొదట చెయ్యాల్సింది ఒక్కటే రూపం, శుభ్రంగా, అక్షరాల్లో. అక్షరాల్లో ఉన్నదాన్ని ఫోన్ చదివి వినిపిస్తుంది, పెద్దది చేసి చూపిస్తుంది, అనువాదం చేస్తుంది, తక్కువ నెట్‌లో కూడా దిగుతుంది. రైల్వే స్టేషన్‌లో ర్యాంపు చక్రాల కుర్చీ కోసమే కట్టారు గానీ సూట్‌కేసు లాక్కెళ్ళేవాళ్ళందరూ దాని మీదనుంచే పోతారు కదా, ఇదీ అలాగే.

లాంతరు సంగతి. మా నాన్న కూడా లాంతరు కిందే చదివాడు సార్. కరెంటు వచ్చాక మా ఇంట్లో మొదటి బల్బు వేయించింది మాత్రం ఆయనే.

ప్రశ్న: నా వయసు 43. అంగన్‌వాడీలో చేస్తున్నాను. ఇంటర్‌తో ఆగిపోయింది, ఇప్పుడు ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కడదామనుకుంటున్నా. మా వారు నవ్వుతున్నారు. ఫోన్ ఒకటే, రోజుకి ఒకటిన్నర జీబీ, అది పిల్లాడి గేములకే అయిపోద్ది. ఇంగ్లీషు మీడియం అంటే కూడా భయం. నావల్ల అవుద్దా?

జవాబు: అవుద్ది. మీవారిని నవ్వనివ్వండి, నవ్వు ఫ్రీ, ఫీజు మాత్రం మీరు కట్టండి. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాదులోనే పెట్టారు, ఇప్పుడు అంబేద్కర్ గారి పేరు మీద ఉంది, ఉద్యోగం చేసుకుంటూ ఇల్లు చూసుకుంటూ చదివేవాళ్ళ కోసమే పుట్టింది అది. ఆంధ్రలో మామూలు డిగ్రీ కాలేజీలు 2021-22 నుంచి మొత్తం ఇంగ్లీషు మీడియం చేశారు కాబట్టి మీకా భయం రావడం సహజమే, చేరేముందు మీరు తీసుకునే సబ్జెక్టులకి తెలుగు మెటీరియల్ ఉందో లేదో స్టడీ సెంటర్‌కి వెళ్ళి పుస్తకం చేతిలోకి తీసుకుని చూసుకోండి, ఫోన్‌లో అడిగితే అందరూ ఉంది అనే చెప్తారు.

డేటా లెక్క చెప్తా. గంట వీడియో మంచి క్వాలిటీలో చూస్తే జీబీ దాకా లాగేస్తుంది. అదే గంట పాఠం ఆడియోగా, మాటలు స్పష్టంగా వినపడేంత తక్కువ సైజులో రికార్డు చేస్తే 15 ఎంబీ లోపే. అంటే ఒక్క వీడియో డబ్బులకి అరవై పాఠాలు వినొచ్చు. మీకు పాఠం చెప్పే కౌన్సెలర్‌ని ‘సార్ పాఠం ఆడియోగా కూడా గ్రూపులో పెట్టండి’ అని అడగండి, మీరొక్కరే అడగట్లేదని తెలియడానికి ఇంకో ఇద్దరితో కూడా అడిగించండి. వీడియో తప్పదంటే క్వాలిటీ 240లో పెట్టుకుని చూడండి, ముఖం మసకగా ఉన్నా మాట మాటే. సెంటర్‌లో వైఫై ఉంటే ఆదివారం క్లాసుకి వెళ్ళినప్పుడు వారానికి సరిపడా డౌన్‌లోడ్ చేసి తెచ్చుకోండి.

వెబ్‌సైట్లో లాగిన్లూ పాస్‌వర్డ్‌లూ చూసి కంగారు పడకండి. మీరు అంగన్‌వాడీ టీచర్, అంటే పోషణ్ యాప్‌లో నెలనెలా పిల్లల బరువులూ ఎత్తులూ ఎక్కించేది మీరే కదా. సిగ్నల్ లేకపోతే సెంటర్ బయటకొచ్చి చెట్టు కింద నిలబడి మళ్ళీ మళ్ళీ నొక్కేది మీరే కదా. దానికంటే ఇది తేలికే. పాస్‌వర్డ్ మాత్రం పిల్లాడు ఆడుకునే ఫోన్‌లో కాకుండా మీ హాజరు రిజిస్టర్ ఆఖరి పేజీలో కూడా కాకుండా, ఇంట్లో చీరల బీరువా తలుపు లోపల కాగితం అంటించి రాసుకోండి. మా అత్తగారు ఆధార్ నంబరు అక్కడే రాసుకుంది, పదేళ్ళయింది, ఇంతవరకు పోలేదు.